ఏంజెల్ కండ్లు తెరిచింది నేనే

జేమ్స్ ఫోన్ చేసినప్పుడు నేను కరీంనగర్‌లో మా ఇంటి మెట్ల మీద కూర్చొని పుంటికూర ఆకులు తెంపుతున్న. ఆషాఢం మబ్బు. పక్కింటోళ్ల కుక్కర్ కూతపెడుతున్నది. ఇట్లాంటి పొద్దు మీద ఎవరికీ ఏ అనుమానమూ రాదు.

"అక్కా, అవ్వ నిద్రపోతలేదు. పది దినాలాయె."

"తొంభై ఏండ్ల ముసలిదానికి నిద్రెందుకురా? ఫస్ట్ షిఫ్ట్‌కు పోవాల్నా?"

"నవ్వులాట కాదక్కా. రెప్ప ఎయ్యదు. ఏంజెల్ ఫోటో దిక్కే చూస్తది. 'పెద్దదాన్ని పిలువు, దాని కండ్లు మూయమను' అంటది. డాక్టర్ ఇంటికి తోలిండు. పాణం పోతలేదు, నిలుస్తలేదు. నాకు పరేషానైతుంది. జర రా."

నా తమ్ముడు ముప్పై మూడేండ్లు బొగ్గుబాయిలో దిగిన మనిషి. చీకటికి జంకేటోడు కాదు. వాని గొంతులో వణుకు విని ఆకులు పక్కన పెట్టిన.

ఏంజెల్ మా చెల్లె, అవ్వ కన్న చిన్నబిడ్డ. యాభై నాలుగేండ్ల కింద సుల్తానాబాద్‌లో గత్తర సోకి, వాంతులు విరేచనాలై ఒక్క రాత్రిలో పోయింది. దానికి పదేండ్లు, నాకు పదహారు. దానికున్నది ఒక్కటే ఫోటో. అదీ పోయినంక దింపిందే. అందులో కండ్లు నేను గీసినవి.

చచ్చినోళ్ల కండ్లు తెరిచే పని నాది. మంత్రాలు కావు లెండి. సన్న కుంచె, కొంచెం తెల్లరంగు, కొంచెం నల్లరంగు. ఆ రోజుల్లో మా దిక్కు మనిషి బతికుండగా ఫోటో దిగడం అరుదు. పోయినంకనే గుర్తొచ్చేది, మొకం మట్టిలో కలిసిపోతుందని. అప్పుడు ఫోటోగ్రాఫర్ కోసం ఉరికేవాళ్లు. శవానికి స్నానం చేయించి, మంచి బట్ట తొడిగి, కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు తువ్వాల కట్టేవాళ్లు. ఇంటిమనిషి ఒకరు కుర్చీ వెనక నిలబడి, ఒంటి నిండా తెల్ల చద్దరు కప్పుకొని, దాని లోపలి నుంచే రెండు చేతులతో తల నిలబెట్టి పట్టుకోవాలి. ఫోటోలో ఆ మనిషి కనపడడు, తెల్ల పరదా లెక్క ఉంటుంది. కాగితం మీద బొమ్మ పడ్డంక నా దగ్గరికి వచ్చేది. మూసిన రెప్పల మీద నేను కండ్లు గీసేదాన్ని. నల్లగుడ్డులో ఒక తెల్లచుక్క పెట్టంగనే ఇంటోళ్లు బోరుమనేవాళ్లు. "అచ్చం మా ఆయన చూపే అమ్మా!" ఆయన చూపెట్లుంటదో నాకేం తెలుసు? కానీ ఆ మాట వినడం ఇష్టం. నలభై రెండేండ్లు విన్న. పెండ్లి చేసుకోలేదు. బతికున్న మగవాళ్ల మొకాలు దిద్దే ఓపిక నాకు లేకపోయె.

పని నేర్పినాయన అంబదాస్. ఆదిలాబాద్ అవతల మహారాష్ట్ర సరిహద్దు ఊరాయన, మాటలో సగం మరాఠీ. కరీంనగర్‌లో స్టూడియో. ఏంజెల్ ఫోటో దింపింది ఆయనే. వారం తర్వాత ఆ ఫోటో తెచ్చి, "అగ బాయీ, నీ వేళ్లు సన్నగున్నయ్, కండ్లు గీస్తావా?" అని నన్ను అడిగిండు. అప్పటికే రెప్పల మీద చర్మం రంగు మందంగా పూసి తెచ్చిండు. "కింద గోకకు పోరీ, పైన గియ్యి" అన్నడు. గీసిన. నా జీవితంలో మొదటి జత కండ్లు అవే. ఆ తర్వాత నన్ను స్టూడియోలో పెట్టుకున్నడు. ఒక్కనాడు కసురుకోలేదు. ఒక్కనాడు నా కండ్లలోకి సూటిగా చూడలేదు కూడా. మర్యాదస్తుడు అనుకున్న.

ఇంకో సంగతి. ఏంజెల్ పోయిన రోజు నాకు యాదిలో లేదు. పొద్దున అవ్వ ఏడుపు ఉంది. మాపున బావి కాడ చేతుల మట్టి కడుక్కున్నది ఉంది. నడుమ మొత్తం తెల్ల కాగితం. దుఃఖం తుడిచేసిందని అందరన్నరు. నేనూ నమ్మిన.

బస్సు సుల్తానాబాద్ దాటుతుంటే సమాధుల తోట గోడ కనిపించింది. ఎప్పటిలెక్కనే తల తిప్పుకున్న. ఎందుకు తిప్పుకుంటానో ఎన్నడూ ఆలోచించలేదు.

*

గోదావరిఖనిలో జేమ్స్ ఇల్లు ఓపెన్‌కాస్టు బొగ్గు గనికి దగ్గర. కిటికీ తెరిస్తే అన్నంలో బొగ్గు పొడి. అందుకే పగలు కూడా కిటికీలు మూసి, పరదాలు దించి ఉంచుతరు. పగలు మూడు గంటలకు బాంబు పేలుస్తరు. ఇల్లంతా ఒకసారి అదురుతుంది. గిన్నెలు మాట్లాడుకుంటయి. ఆ వాడకట్టులో దాన్ని ఎవరూ పట్టించుకోరు, గడియారం లెక్క వాడుకుంటరు.

వాకిట్లోనే మరదలు ఎదురొచ్చింది. "వచ్చినవా వదినా. మూడు రాత్రులు నేను ఆ అర్రలో పండుకోలే. ఏమన్న అనుకో."

"ఎందుకు? మీ అత్త గురకపెడుతుందా?"

"గురకపెడితే బాగుండు."

అవ్వ అర్ర చల్లగా ఉంది. ఆషాఢం చల్లదనం వేరు. ఇది నీళ్లు చల్లిన మట్టిగోడ చల్లదనం. మంచం మీద అవ్వ ఎండిన చిక్కుడు తీగ లెక్క ఉంది. ఎనిమిది నెలల నుంచి తనంతట తాను పక్కకు కూడా తిరగలేదు. కానీ కండ్లు... పెద్దగా, పొడిగా, తెరుచుకొని. ఎదురు గోడ మీద ఫోటో.

"సామాను తెచ్చినవా పెద్దదానా?" నా దిక్కు చూడకుండనే అడిగింది.

"తెచ్చిన. ముందు నన్ను గుక్కెడు నీళ్లన్న తాగనీయవా?"

"అది యాభై ఏండ్ల సంది నీళ్లు తాగలే. నీకేం తొందర?"

జేమ్స్ నా దిక్కు చూసిండు. నేను నవ్వబోయిన. కుంచెల సంచి మంచం కాడ దించిన.

"సరే, ఏమంటుంది నీ చిన్నబిడ్డ?"

"అడుగుతున్నది." అవ్వ గొంతు తగ్గించింది. "ఇంకెంతసేపు కదలకుండ కూసోవాలె అని."

"పాస్టర్ గారు వింటే నిన్ను ప్రభువు బల్ల దగ్గరికి రానియ్యడు, చూస్కో."

"ఆయనకేం తెల్సు బిడ్డా. దానికి నడుం నొస్తున్నదట. నువ్వు దాని కండ్లన్న మూస్తే పండుకుంటది. అది పండుకుంటే నేను పోత. అది గట్ల చూస్కుంట కూసుంటే నేనెట్ల పోవాలె చెప్పు?"

పోదామని చూస్తున్న తల్లి, పోనియ్యని ఒక పటం. నేను చేసిన పటం. రెండు జానల కాగితం మీద రెండు రెప్పలు దించితే అయిపోయే పని. పై రంగు తుడిస్తే కింద అసలు రెప్పలు ఎట్లాగూ మూసే ఉంటయి. మళ్లీ గీయాల్సిన పనే లేదు. మా అవ్వ నెమ్మదిగా పోతుంది. నేను చేయగలిగిన మేలు అదొక్కటే.

"మీరు పోండ్రి" అని జేమ్స్‌కు, మరదలికి చెప్పిన. "పాస్టర్‌కు కబురు చెయ్యండ్రి. మందులు తెండ్రి. నాకు పని చేస్తుంటే ఎవరన్న పక్కన నిలవడితే చెయ్యి ఆడదు."

వాళ్లు రెండోసారి చెప్పించుకోలేదు.

*

ఫోటో దించి, మేకులు పీకి, అద్దం తీసిన. కిటికీ పరదా కొంచెం జరిపి, గోడకు జానెడు ఎడంగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, ఒళ్లో పెట్టుకొని కూర్చున్న. బయట మబ్బు దిగింది. మధ్యాహ్నమే మాపు లెక్క ఉంది. కరెంటు పోయింది.

బేతం అల్లిక కుర్చీలో పిల్ల. తెల్ల గౌను, భుజం మీంచి ముందుకేసిన ఒంటి జడ, చివర రిబ్బను. వెనక తెల్ల చద్దరు. నా మొదటి కండ్లు. పనితనంగా చూస్తే సిగ్గేసింది. ఎడమది పెద్దగా, కుడిది చిన్నగా, తెల్లచుక్కలు ఒక్కోటి ఒక్కో దిక్కు. అయినా ఇన్నేండ్లు ఇంటోళ్లంతా ఈ కండ్లకే మొక్కిండ్రు.

దూది తడిపిన.

అప్పుడే బాంబు పేలింది. నేల అదిరింది. అల్మారలో గ్లాసులు గణగణమన్నయి. అంతా ఆగింది. అంతా ఆగినంక... ఒక్క చప్పుడు ఆగలేదు.

కిర్రు... కిర్రు...

బేతం కుర్చీలో మనిషి కొంచెం సర్దుకొని కూర్చుంటే వచ్చే చప్పుడు. చిన్నప్పుడు చర్చిలో పాస్టర్ కూర్చునే కుర్చీ అట్లనే చప్పుడు చేసేది. ఈ ఇంట్లో బేతం కుర్చీ లేదు. నా కింద ఉన్నది ప్లాస్టిక్‌ది. నేను కదల్లేదు కూడా.

"గాలి" అని పైకే అన్న. గాలి లేదు.

దూది ఎడమ కన్ను మీద పెట్టి మెల్లగా తిప్పిన. తెల్లచుక్క పోయింది. నల్లగుడ్డు మురికిగా కరిగింది. దాని కింద అంబదాస్ పూసిన చర్మం రంగు. గట్టిగా ఉంది. ఆ మనిషి ఏ ఫోటోకూ అంత మందంగా పూయలేదు. 'కింద గోకకు పోరీ.' ఎందుకు గోకొద్దన్నడు? నలభై ఏండ్ల పనిలో నాకు ఏనాడూ ఆ మాట ఇంకో ఫోటోకు చెప్పలేదే...

వాసన వచ్చింది. సున్నం. తడి సున్నం. గత్తర ఇండ్లలో నేల మీద, గోడల మీద కొట్టేది. ముక్కు పుటాలు మండినయి. తల ఎత్తి చూస్తే అర్రలో సున్నం ఎక్కడా లేదు. అవ్వ కండ్లు ఇప్పుడు ఖాళీ గోడ మీద లేవు. నా చేతుల మీద ఉన్నయి.

బ్లేడు అంచుతో పొర లేపిన. చిన్న పెచ్చు రాలింది.

రెప్ప లేదు.

ఇంకో పెచ్చు. రెండో కన్ను. తడి దూది. చేతులు తొందరపడ్డయి. నలభై రెండేండ్లలో నా చేతులు ఎన్నడూ తొందరపడలేదు.

రంగు కింద కండ్లు తెరిచి ఉన్నయి.

సగం తెరిచి. సగం మసక. రెప్ప ఉండాల్సిన చోట పొగ లెక్క ఒక చార, దాని కింద నుంచి తడిగా, నల్లగా... చూపు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ కాలం పెట్టె కెమెరాలో గాజు ప్లేటు పెట్టి, మూత తీసి నాలుగు లెక్కపెట్టి మూత పెట్టేవాళ్లు. ఆ నాలుగు లెక్కల్లో ఏది కదిలితే అది మసకబారుతుంది. ఏది కదలకపోతే అది చెక్కినట్టు పడుతుంది. అందుకే అంబదాస్ అనేవాడు, "చచ్చినోళ్లంత మంచి గిరాకీ లేదు పోరీ, ప్లేటు ఖరాబ్ చెయ్యరు" అని. తల ఊగితే మొకమంతా మసకబారాలి. ఇక్కడ ముక్కు చెక్కినట్టుంది. పెదవులు చెక్కినట్టున్నయి. చెవి అంచు మీద వెలుతురు కూడా గీసినట్టుంది. మసక ఉన్నది రెండు చోట్లనే. రెండు రెప్పలు.

శవం రెప్పలు కదలవు.

వేల ఫోటోలు దిద్దిన మనిషిని. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తప్పించుకుందామన్నా నా చదువు నన్ను తప్పించుకోనియ్యలేదు. అప్పుడే నా యాదిలోని ఆ తెల్ల కాగితం మీద బొమ్మ తేలింది... నడిమి గంటలన్నీ.

*

చద్దరు లోపల నేను. తెల్లటి వెలుతురు. సున్నం వాసన. నా రెండు అరచేతుల నడుమ ఏంజెల్ తల, చెవుల వెనక నా బొటనవేళ్లు. చల్లగా ఉంది. నీళ్ల కుండ లెక్క బరువుగా ఉంది. బయట అంబదాస్ గొంతు. ఎవరికైనా, పోయినోళ్లకైనా, ఆయన అలవాటు మాట ఒకటే. "హలూ నకో. కదలొద్దు బిడ్డా."

మూత తీసిండు.

ఏక్... తల బరువు నా చేతుల మీద ఉంది.

దోన్... బరువు తగ్గింది. మెడ తన తలను తానే మోస్తున్నది.

తీన్... నా బొటనవేలి కింద, చెవి వెనక, ఏదో కొట్టుకున్నది. ఒకసారి. మళ్లీ ఒకసారి.

చార్.

మూత పెట్టిండు.

ప్రతి ఫోటో అయినంక అంబదాస్ "ఝాలే" అనేవాడు, అయిపోయింది అని. అది విన్నంకనే మనిషి ఊపిరి వదిలి కదిలేది. ఆ రోజు ఆయన ఆ మాట అనలేదు. చద్దరు నేత సందుల్లో నుంచి చూసిన, కెమెరా పక్కన ఊరికెనే నిలబడ్డడు.

నేను అరవొచ్చు. అరవలేదు. ప్లేటు ఒక్కటే ఉంది, కదిలితే మీ చెల్లె మొకం మీకుండదు అన్నడని, అందుకే ఊరుకున్ననని చెప్పుకోవచ్చు. అది సాకు. అసలుది రాస్త. బాపు, మా నాయన, ఆ పొద్దున లారీ ఎక్కి కరీంనగర్ పోయి ఫోటోగ్రాఫర్‌ను తెచ్చిండు, ఏంజెల్ కోసం. అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ ఫోటో లేదు. చద్దరు కింద దాని తల మోసుకుంట నేను ఆలోచిస్తున్నది ఏందంటే, నేను పోతే బాపు ఇట్ల లారీ ఎక్కుతడా అని. ఆ కుళ్లులో ఉండంగనే నా వేలి కింద ఆ దెబ్బ తగిలింది. ఒక క్షణం ఊరుకున్న. ఆ క్షణం దాటినంక చెప్తే ముందే ఎందుకు చెప్పలేదంటరని ఇంకో క్షణం ఊరుకున్న. ఆ రెండు క్షణాలే. బాపు శవపెట్టె తెచ్చిండు. గత్తర శవం, పొద్దుగూకకముందే పూడ్చాలన్నరు. మేకులు కొట్టిండ్రు. నేను కూడా మట్టి పోసిన.

*

"చూసినవా?"

అవ్వ గొంతు. నూలుపోగంత.

"అవ్వా... తెరిచున్నయి."

"ఎరుకే."

వాన మొదలైంది. రేకుల మీద చప్పుడు. ఆమె మాటల కోసం ముందుకు వంగాల్సి వచ్చింది.

"నేను కెమెరా పక్కనే నిలవడ్డ బిడ్డా. రెప్పలు లేచినయి. రాత్రంత నిద్ర లేదు, నా కండ్లు తిరుగుతున్నయనుకున్న. నువ్వు పట్టుకొని ఉంటివి గద... నీకు తెలుస్తది, నువ్వు చెప్తవనుకున్న."

"నువ్వు ముందట నిలవడ్డవు గద అవ్వా... నువ్వు చెప్తవనుకున్న."

ఇద్దరం ఊరుకున్నం. ఆ రోజు ఊరుకున్నట్టే.

"మూయి బిడ్డా." అవ్వ బతిమాలింది. "ఎట్లన్న చేసి మూయి. నేను పోవాలె."

కుంచె తీసిన. నిజం చెప్తున్న, తీసిన. చర్మం రంగు కలిపిన. రెండు గీతలు. అంతే పని. అవ్వ పోతుంది. జేమ్స్ వచ్చి చూస్తే బిడ్డ నిద్రపోయినట్టు ఉంటుంది. అంబదాస్ పోయి పదిహేనేండ్లాయె, బాపు పోయి ముప్పై ఏండ్లాయె. తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగులుత. నేను మళ్లీ మరిచిపోగలను, ఒకసారి మరిచిపోలేదా? కుంచె మొన కాగితానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది.

అవ్వ చూపు మారింది. నా చేతుల మీద నుంచి లేచింది. నా మొకం మీదికి వచ్చింది. ఆగలేదు... నా తల పైకి, నా వెనక్కి పోయింది.

నా వెనక గోడ. జానెడు సందు.

ఆ సందులో నుంచి రెండు చేతులు వచ్చినయి.

చిన్నవి. నా చెవుల వెనక ఆనినయి. చల్లగా... తడి సున్నం లెక్క చల్లగా. నా తలను మెల్లగా నిలబెట్టినయి. వంగి ఉన్న తలను ఎత్తి, కొంచెం ఎడమకు తిప్పి, వెలుతురు దిక్కు పెట్టి... పట్టుకున్నయి. అచ్చం నేను పట్టుకున్నట్టే. బొటనవేళ్లు ఎక్కడుండాలో అక్కడ.

మెడ తిరగలేదు. నోరు రాలేదు. రెప్ప వేద్దామన్నా రాలేదు.

కిర్రు...

చెవి దగ్గర, ఊపిరి లేని గొంతు.

"అక్కా... అయిందా?"

మొండిగా లేదు. కోపంగా లేదు. బుద్ధిమంతురాలైన పిల్ల, పెద్దోళ్లు కూర్చోమంటే కూర్చున్న పిల్ల, కాళ్లు తిమ్మిరెక్కితే అడిగినట్టు. అది నన్ను తిట్టినా నిలబడేదాన్ని. నా నోటికి ఎదురులేదని కరీంనగర్ అంతా అంటది. ఆ అడుగుడుకు మాత్రం నిలవలేకపోయిన.

కుంచె జారి కింద పడ్డది. దాని కండ్లు మళ్లీ మూస్తే మళ్లీ మేకులు కొట్టినట్టే. అవ్వ పోయినా సరే, పోకపోయినా సరే, ఆ పని నేను చేయను.

బొటనవేళ్లు ఒత్తుతున్నయి. నా చెవి వెనక నా నరమే కొట్టుకుంటున్నది... అది చూసుకుంటున్నట్టు. ఒకటి... రెండు... మూడు...

పండ్ల సందులో నుంచి మాట ఎట్ల వచ్చిందో తెలియదు.

"అయిపోయింది ఏంజీ." గొంతు పదహారేండ్ల పిల్లది. నాదే. "నేనే... చెప్పలేదు. నాకు తెల్సు, నువ్వున్నవని. నేనే చెప్పలేదు. ఇగ అయిపోయింది తల్లీ. కదలొచ్చు. లే."

వాన చప్పుడు.

ఒక వేలు వదిలింది. ఇంకో వేలు. చివరికి రెండు బొటనవేళ్లు.

నా తల ఒళ్లోకి వాలింది. తెలివి పోయిందో, నిద్రే పట్టిందో. లేచేసరికి కరెంటు వచ్చింది. ఫ్యాను తిరుగుతున్నది. అవ్వ మంచం దిక్కు చూసిన.

ఎనిమిది నెలలు కదలని అవ్వ పక్కకు తిరిగి ఉంది. మంచం అంచుకు జరిగింది, పడిపోయేంత అంచుకు. మిగతా మంచమంతా ఖాళీ. కుడిచెయ్యి ఆ ఖాళీలోకి చాపి ఉంది, ఎవరికో తలగడగా ఇచ్చినట్టు. కండ్లు మూసి ఉన్నయి. పాణం పోయింది.

*

జేమ్స్‌కు అంతా చెప్పిన, ఒక్క ముక్క దాచకుండా. వాడు గోడకు ఆనించిన ఫోటోను బోర్లించిండు.

"పాత ముచ్చట్లక్కా. పోనియ్యి. రేపు జనం వస్తరు. ఆ ఫోటో గట్ల పెడితే ఎట్ల? రెండు గీతలు గియ్యరాదు?"

"గియ్యను."

"జడుసుకుంటరే!"

"జడుసుకోనీ. యాభై నాలుగేండ్లు నా రంగు చూసిండ్రు. ఇగ దాన్ని చూడనీ."

వాడు నన్ను పెద్దక్క అని ఊరుకున్నడో, నిజమని ఊరుకున్నడో. ఆ ఫోటో అట్లనే, గీసిన కండ్లు లేకుండా, అవ్వ పెట్టె పక్కన ఉంది. వచ్చినోళ్లు ఒకసారి చూసి తల తిప్పుకున్నరు. నేను తిప్పుకోలేదు. స్నానం చేయించిన ఆడవాళ్లు అవ్వ కుడిచెయ్యి ఎంత మడిచినా మడవలేకపోయిండ్రు. చాపిన చెయ్యితోనే పూడ్చినం. పెట్టె అందుకే కొంచెం వెడల్పుది తేవాల్సి వచ్చింది.

సుల్తానాబాద్ పోయి సమాధి కాడ నిలబడ్డ. చెప్పాల్సింది పైకే చెప్పిన. కాపలా ఆయన పిచ్చిదనుకొని ఉంటడు.

అవ్వ కోసం పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థన అయిన రోజు పగటిపూట, చుట్టాలు పోయినంక, అవ్వ మంచం మీద ఒక గడియ నడుం వాల్చిన. ఒత్తుగా నిద్ర పట్టింది. ఇన్నేండ్లలో అంత నిద్ర ఎరుగను. లేచేసరికి కుడిచెయ్యి నాది కానట్టు తిమ్మిరి. పక్కకు చాపి ఉంది. రుద్దుకుంటుంటే చర్మం మీద అచ్చు కనపడ్డది. దుప్పటి మడత అనుకున్న. వెలుతురులోకి తెచ్చి చూసిన. పని చేసిన కండ్లు, గీత గీతా చదువుతయి.

మూడు పాయలు. ఒకదాని మీద ఒకటి, ఒకదాని కింద ఒకటి. మోచేతి మడతలో మొదలై మణికట్టు దాకా, బిగించి అల్లిన జడ. చివర రిబ్బను ముడి.

నా నెత్తిన జడ వేసేటన్ని వెంట్రుకలు లేవు. మరదలిది పిడికెడు కొప్పు. ఆ ఇంట్లో ఆడపిల్ల లేదు.

కరీంనగర్ వచ్చి ఇరవై మూడు దినాలు. అచ్చు పోలేదు. నొప్పి లేదు, దురద లేదు. మందుల షాపాయన అలర్జీ అని మలాము ఇచ్చిండు. రోజూ పొద్దున కిటికీ కాడ నిలబడి చూసుకుంట. జడ మొదలు ఎప్పటిలెక్కనే మోచేతి మడతలోనే ఉంది. మొన్నటిదాకా ముడి మణికట్టు కాడనే ఉండె.

ఇయ్యాల అరచేతి నడుమ ఉంది.